బరువు లెన్సు, చిన్న కెమెరా: మౌంట్‌ని దెబ్బతీసేది ఏంటి?

నేలపట్టులో గూడబాతుల సీజన్ దగ్గరపడితే తిరుపతి ఫొటోగ్రాఫర్ల మాటల్లో 150-600 ఎంఎం పొడుగు లెన్సు ప్రస్తావన రాకుండా ఉండదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక నేలపట్టు, సూళ్లూరుపేట, శ్రీహరికోట అన్నీ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి కాబట్టి, పక్షులకైనా రాకెట్‌కైనా పొడుగు లెన్సు కావాల్సిన చోట్లన్నీ ఇప్పుడు సొంత జిల్లావే. సెకండ్ హ్యాండ్‌లో లెన్సు దొరుకుతుంది, ధర కుదురుతుంది, ఆ తర్వాత టెన్షన్ మొదలవుతుంది. ఇంట్లో ఉన్నదేమో కెనాన్ 200డి లాంటి అరకిలో కూడా తూగని బాడీ (లెన్సు లేని కెమెరా), కొనబోయేదేమో రెండు కిలోల లెన్సు. తగిలిస్తే మౌంట్, అంటే లెన్సు కెమెరాకి బిగిసే రింగు, ఊడి చేతికొస్తుందా?

ఊడి రాదు. అలాగని ఆ భయం పూర్తిగా అర్థం లేనిదీ కాదు, కాకపోతే అది తప్పు చోట ఉంది. లెన్సు ఎన్ని గ్రాములన్నదానికీ మౌంట్ ఎన్నేళ్లు నిలుస్తుందన్నదానికీ ఉన్న సంబంధం చాలా తక్కువ. ఆ బరువుని ఎవరు మోస్తున్నారు, చెయ్యా, ట్రైపాడా, లేక మౌంటేనా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఇంకో సంగతి ఏమిటంటే, అందరూ భయపడే పెద్ద టెలీ (పొడుగు) లెన్సు కంటే ఎవరూ పట్టించుకోని పెళ్లిళ్ల 85 ఎంఎం లెన్సే కొన్నిసార్లు మౌంట్‌కి ఎక్కువ సమస్య. ఎందుకో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

నిండు బిందెని నడుముకి ఆనించుకుంటే చాలా దూరం మోయొచ్చు, అదే బిందెని చెయ్యి చాపి పట్టుకోమంటే నిమిషం కూడా నిలబడలేం. బరువు మారలేదు, దూరం మారింది. మౌంట్ విషయంలోనూ బరువుని దూరంతో గుణించాలి. కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్/2.8 మూడో వెర్షన్‌నే తీసుకుందాం. బరువు 1,480 గ్రాములు, పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు. దాని బరువంతా మౌంట్ నుంచి సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఒక్కచోట ఉన్నట్టు అనుకుంటే, కెమెరా బాడీని ట్రైపాడ్ మీద బిగించి లెన్సుని గాలిలో వదిలేసినప్పుడు మౌంట్ మీద పడే మెలి దాదాపు 15 కిలో-సెంటీమీటర్లు. మౌంట్ వ్యాసం సుమారు 5 సెంటీమీటర్లు కాబట్టి, కింది అంచు ఆనుకునే చోటుగా, పై అంచు లాగబడే చోటుగా లెక్కేస్తే పైన లెన్సుని పట్టి ఉంచే లోహపు పంటి మీద పడే లాగుడు సుమారు 3 కిలోలు.

ఇప్పుడు దీన్నే తిప్పి చూడండి. ఎడమ చెయ్యి లెన్సు కింద ఉంది, బాడీ వెనకాల వేలాడుతోంది. 450 గ్రాముల బాడీ, దాని బరువు కేంద్రం మౌంట్ నుంచి 4 సెంటీమీటర్లు అనుకుందాం. మెలి 2 కిలో-సెంటీమీటర్ల లోపే, పంటి మీద లాగుడు 400 గ్రాముల లోపే. అదే కెమెరా, అదే లెన్సు, కానీ ఎక్కడ పట్టుకున్నారన్న ఒక్క తేడాతో భారం ఎనిమిదో వంతుకి పడిపోయింది. ఇంకో విశేషం, రెండో పద్ధతిలో బాడీ ఎంత తేలికైతే మౌంట్‌కి అంత మంచిది. చిన్న బాడీకి పెద్ద లెన్సు సరిపోదన్న మాట చేతిలో పట్టు కుదరడం విషయంలో నిజం కావచ్చు గానీ, లెన్సుని పట్టుకుని వాడేవాళ్ల మౌంట్ విషయంలో మాత్రం లెక్క దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

సిగ్మా 150-600లో రెండు రకాలున్నాయి. కాంటెంపరరీ 1,930 గ్రాములు, స్పోర్ట్స్ 2,860 గ్రాములు. స్పోర్ట్స్‌ని తగిలించి, బాడీ అడుగున ఉండే ప్లేట్ మీద ట్రైపాడ్‌కి బిగిస్తే, బరువు కేంద్రం 15 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకున్నా పై పంటి మీద ఎనిమిది కిలోలు దాటుతుంది. మెటల్ మౌంట్ ఆ ఎనిమిది కిలోలకి విరగదు. కానీ నిలకడగా ఉన్నప్పటి లెక్క అది. ట్రైపాడ్‌ని ఎత్తి భుజాన వేసుకుని నడిచినా, ఎవరో తగిలి కదిపినా ఆ ఎనిమిది కాస్తా రెండు మూడింతలు అవుతుంది. ఆ లెన్సు బ్యారెల్‌కి (గొట్టానికి) కాలర్, అంటే చుట్టూ పట్టే రింగు, దాన్ని ట్రైపాడ్‌కి బిగించే కాలు పెట్టి ఇచ్చింది అందుకే. కాలర్‌తో వచ్చిన లెన్సుని కాలర్ మీదే బిగించాలి, దీనికి మినహాయింపు లేదు. శ్రీహరికోట ప్రయోగాలు చూడటానికి వచ్చినవాళ్లలో కొందరు పొడుగు లెన్సుని బాడీ ప్లేట్ మీద పెట్టి, ముక్కు కిందికి వాలిపోతుంటే ట్రైపాడ్ హెడ్‌ని ఇంకా ఇంకా బిగిస్తూ కనిపిస్తారు. వాలేది హెడ్ ఒక్కటే కాదు, మౌంట్ కూడా అదే మెలిని మోస్తోంది. పులికాట్ మీదుగా వచ్చే గాలికి లెన్సు హుడ్ (ముందుండే తొడుగు) తెరచాపలా ఊగితే ఫొటో చెడేదీ అక్కడే.

మౌంట్ లోపల ఏముందో తెలిస్తే మిగతా విషయం తేలికవుతుంది. లెన్సు వెనక మూడు పళ్లుంటాయి. బాడీ రింగు లోపల వాటికి సరిపడే మూడు చోట్లుంటాయి. లెన్సుని పెట్టి తిప్పితే పళ్లు రింగు వెనక్కి వెళ్తాయి, పిన్ టిక్కుమని పడి తిరగకుండా ఆపుతుంది. చాలామంది ఆ పిన్నే లెన్సుని మోస్తోందనుకుంటారు. పిన్ మోసేది ఏమీ లేదు, అది తిరగడాన్ని ఆపుతుందంతే. లెన్సు వెనక ముఖాన్ని బాడీ ముఖానికి గట్టిగా అదిమి పట్టేవి రింగు వెనక దాగి ఉన్న పల్చని ఆకు స్ప్రింగులు. అవి పళ్లని వెనక్కి లాగి ఉంచుతాయి, కాబట్టి రెండు లోహపు ముఖాలు సందు లేకుండా కలిసి ఉంటాయి.

ఇక్కడే అసలు కీలకం. స్ప్రింగు ఎంత బలంతో లాగుతోందో అంతకు మించిన లాగుడు పై పంటి మీద పడ్డప్పుడు, ఏదీ విరగకుండానే, ఏదీ అరగకుండానే, పై భాగంలో సన్నని సందు తెరుచుకుంటుంది. లెన్సు ముక్కు కొంచెం కిందికి వాలుతుంది. చెయ్యి కింద పెట్టి ఎత్తితే సందు మూసుకుంటుంది. బాడీ పట్టుకుని లెన్సుని మెల్లగా పైకీ కిందికీ కదిపినప్పుడు తెలిసే కదలిక ఇదే. పక్కలకి తిప్పినప్పుడు అర మిల్లీమీటర్ కదిలితే మాత్రం కంగారు అక్కర్లేదు, పిన్‌కీ దాని గుంటకీ మధ్య కొద్దిపాటి ఖాళీ తయారీలోనే ఉంటుంది, లేకపోతే లెన్సు తగిలించడమే కష్టమవుతుంది. తిరిగే కదలిక మామూలు, వాలే కదలిక గమనించాల్సింది. ఈ రెండింటినీ కలిపేసి మౌంట్ లూజు అయిందని హడావుడిగా షాపుకి పరిగెత్తేవాళ్లు ఎక్కువ.

వాలితే ఏమవుతుంది? ఫొటోలో పై అంచు, కింది అంచు ఒకేలా షార్ప్‌గా రావు. ఎంత వాలితే తేడా కనిపిస్తుందో కూడా లెక్క కట్టొచ్చు. పైన సందు 0.05 మిల్లీమీటర్ అనుకుందాం, కంటికి ఆనదు. 5 సెంటీమీటర్ల వ్యాసం మీద అది వెయ్యిలో ఒక వంతు వాలు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లు కాబట్టి, మధ్య నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న అంచుల దగ్గర ఫోకస్ 0.012 మిల్లీమీటర్ తప్పుతుంది. 24 మెగాపిక్సెల్ సెన్సర్‌లో పిక్సెల్ సుమారు 0.006 మిల్లీమీటర్, పిక్సెల్ స్థాయిలో పదును చెడకుండా ఉండే హద్దు ఎఫ్ నంబర్‌ని (ఎపర్చర్ అనే లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరుచుకున్నట్టు) పిక్సెల్ సైజుతో గుణిస్తే వస్తుంది. ఎఫ్/6.3 దగ్గర ఆ హద్దు 0.038, అంటే మన 0.012 అందులో ఎక్కడో కలిసిపోతుంది. ఎఫ్/2.8 దగ్గర 0.017, ఇంకా పర్వాలేదు. ఎఫ్/1.4 దగ్గర 0.008, దాటేసింది.

అందుకే 85 ఎంఎం మాట ముందే వచ్చింది. 150-600ని చివరిదాకా లాగితే ఎపర్చర్ ఎఫ్/6.3, పైగా కాలర్ ఉంది, కొద్దిపాటి వాలు ఫొటోలో కనిపించనే కనిపించదు. సిగ్మా 2016లో తెచ్చిన 85 ఎంఎం ఎఫ్/1.4 ఆర్ట్ 1,130 గ్రాములు, కాలర్ లేదు, వాడేదేమో ఎక్కువగా ఎఫ్/1.4 దగ్గరే. కల్యాణ మండపంలో పెళ్లికూతురి క్లోజప్ తీసేటప్పుడు ఒక చేత్తో బాడీ పట్టుకుని, రెండో చేత్తో ఫ్లాష్ ఎత్తి పట్టుకునే ఫొటోగ్రాఫర్ కెమెరాలో మౌంట్ పూర్తి భారం మోస్తోంది, ఆ సమయంలోనే ఫోకస్ హద్దు అన్నిటికంటే సన్నగా ఉంది. 2020లో సిగ్మా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం తెచ్చిన అదే 85 ఎఫ్/1.4 దాదాపు 630 గ్రాములకి దిగింది. కొత్త లెన్సులు తేలికయ్యాయని అందరూ మెడ నొప్పి తగ్గిందనే చూస్తారు గానీ మౌంట్‌కి దక్కిన లాభం దానికంటే పెద్దది. కెనాన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/2.8 కూడా అంతే, కాలర్ తీస్తే 1,070 గ్రాములు, మూసినప్పుడు పొడవు 15 సెంటీమీటర్ల లోపే, బరువూ తగ్గింది, దూరమూ తగ్గింది. కాకపోతే జూమ్ చేసినప్పుడు అది ముందుకి సాగుతుంది కాబట్టి దూరం విషయంలో లాభం పూర్తిగా మిగలదు.

మీ కెమెరాలో వచ్చిన తేడా వాలు వల్ల వచ్చిందా, లేక ఎప్పుడో పడినప్పుడు మౌంట్ వంకరపోయిందా అని ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉంది. ఇటుక గోడో, గోడకి అంటించిన పేపరో తీసుకుని, కెమెరాని దానికి సమంగా నిలబెట్టి, లెన్సు కింద ఏ ఆసరా లేకుండా, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఒక ఫొటో తియ్యండి. తర్వాత కెమెరాని తలకిందులు చేసి అదే దూరం నుంచి ఇంకోటి తియ్యండి. రెండు ఫైళ్లూ కంప్యూటర్‌లో తిప్పకుండా, సెన్సర్ చూసినట్టే పక్కపక్కన పెట్టి చూడండి. మసక అంచు మొదటి దాంట్లో ఒకవైపు (పైనో కిందో), రెండో దాంట్లో దానికి ఎదురువైపు ఉంటే అది బరువు వల్ల వచ్చిన వాలు, ఆసరా ఇస్తే పోతుంది. రెండింట్లోనూ ఒకే అంచు మసగ్గా ఉంటే మౌంటో, లెన్సు లోపలి గాజు ఎలిమెంటో శాశ్వతంగా పక్కకి జరిగింది. ఇంకో లెన్సు తగిలించి చూస్తే తప్పు బాడీదా లెన్సుదా కూడా తేలుతుంది. కెమెరాని మామూలుగా అడ్డంగా పట్టుకున్నప్పుడు ఎడమ కుడి అంచుల మధ్య తేడా వస్తే దానికి బరువు కారణం కానే కాదు, భూమి లాగేది కిందికే గానీ పక్కకి కాదు కదా. ఈ ఒక్క విషయం గుర్తున్నా చాలా అనవసరపు ఖర్చు తప్పుతుంది.

మెటల్ మౌంటా ప్లాస్టిక్ మౌంటా అన్న చర్చ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, కానీ అందులో చాలామంది చూసేది బయటికి కనపడే రింగునే. కెనాన్ పాత 50 ఎంఎం ఎఫ్/1.8 రెండో వెర్షన్ ప్లాస్టిక్ మౌంట్‌తో 130 గ్రాములు, 2015లో వచ్చిన ఎస్‌టీఎం వెర్షన్ మెటల్ మౌంట్‌తో 160 గ్రాములు. ప్లాస్టిక్ మౌంట్ ఉన్నది మామూలు వాడకంలో ఊడిపోయి పడిపోదు, ఎందుకంటే 130 గ్రాముల లెన్సుకి ఆ ప్లాస్టిక్ సరిపోతుంది. నికాన్ ఇప్పటికీ జెడ్ 40 ఎంఎం ఎఫ్/2 లాంటి 170 గ్రాముల లెన్సుకి ప్లాస్టిక్ మౌంటే వేస్తోంది, దానిలో తప్పు లేదు. రెండు కిలోల లెన్సుకి ఎవరూ ప్లాస్టిక్ మౌంట్ వెయ్యరు.

అసలు చూడాల్సింది ఆ మెటల్ రింగు దేనికి బిగించి ఉందన్నది. రింగుని నాలుగైదు చిన్న స్క్రూలతో బిగిస్తారు. ఆ స్క్రూలు దిగేది మధ్యరకం లెన్సులు చాలావాటిలో ప్లాస్టిక్ బ్యారెల్‌లోకే. కెమెరా వైపు చూస్తే ఖరీదైన బాడీల్లో మెగ్నీషియం చట్రంలోకి, చిన్న బాడీల్లో గాజు పీచు కలిపిన పాలీకార్బొనేట్‌తోనో అల్యూమినియంతోనో చేసిన చట్రంలోకి. కాబట్టి గట్టి దెబ్బ తగిలినప్పుడు మెరిసే రింగుకి ఏమీ కాదు, స్క్రూలు దిగిన ప్లాస్టిక్ గుంటలు పగులుతాయి లేదా మరలు అరిగిపోతాయి. ఇది నష్టమే గానీ, ఒక రకంగా మేలు కూడా. లెన్సు వైపు ఏదో ఒకటి ముందుగా లొంగిపోతే బాడీ చట్రం, సెన్సర్ బతికిపోతాయి. మౌంట్ రింగు మార్చడం చిన్న పని, సెన్సర్ ముందున్న చట్రం వంకరపోతే ఆ బాడీని మళ్లీ నమ్మడం కష్టం.

దెబ్బ అంటే ఎంత? మీటరు ఎత్తు నుంచి గ్రానైట్ బండల మీద పడి ఐదు మిల్లీమీటర్లలో ఆగిందంటే, ఆ క్షణంలో ప్రతి గ్రామూ తన బరువుకి రెండు వందల రెట్లు తూగినట్టు లెక్క. మామూలుగా చేతిలో మోసే మూడు కిలోలు, ఎనిమిది కిలోలు దీని ముందు ఏ మూలకీ రావు. మౌంట్ చరిత్రలో ఇబ్బంది పడ్డ కేసుల్లో ఎక్కువ భాగం పడటం, తగలడం, కుదుపు అనే ఈ మూడింటి కింద వచ్చేది అందుకే. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి మౌంట్ నీరసపడిపోవడం అనేది చాలా అరుదు.

మౌంట్ సైజు మీద కంపెనీల ప్రచారం గట్టిగా ఉంటుంది కాబట్టి దాని గురించి ఒక మాట. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లు. 2018లో వచ్చిన జెడ్ మౌంట్ 55. ఒకే మెలికి పళ్ల మీద పడే లాగుడు వ్యాసం పెరిగేకొద్దీ తగ్గుతుంది, ఇక్కడ సుమారు అయిదో వంతు తగ్గింది. కెనాన్ 1987లో ఈఎఫ్ మౌంట్‌తోనే 54కి వెళ్లింది, మిర్రర్‌లెస్ కోసం తెచ్చిన ఆర్ఎఫ్ మౌంట్‌లోనూ అదే ఉంచింది. సోనీ 'ఈ' (E) మౌంట్ 2010లో చిన్న సెన్సర్ ఉండే ఏపీఎస్-సీ కెమెరాల కోసం పుట్టింది, వ్యాసం 46 చిల్లర. 2013లో దాన్నే ఫుల్‌ఫ్రేమ్ ఏ7కి వాడినప్పుడు బయటి రింగు మెటలే అయినా లోపల పళ్లని పట్టే భాగంలో ప్లాస్టిక్ ఉండేది. బరువు లెన్సులు వాడేవాళ్లు కదలిక గురించి గట్టిగానే ఫిర్యాదు చేశారు, బయటి కంపెనీలు పూర్తి మెటల్ మౌంట్లు తయారు చేసి అమ్మాయి కూడా, 2014 చివర్లో వచ్చిన ఏ7 రెండో తరానికి సోనీనే మౌంట్‌ని గట్టిపరిచింది. మౌంట్ డిజైన్‌కి విలువ లేదని అనలేం అనడానికి ఇదే సాక్ష్యం. అయితే అదే 'ఈ' (E) మౌంట్ మీద ఇప్పుడు సోనీ 600 ఎంఎం ఎఫ్/4, అంటే మూడు కిలోలు దాటిన లెన్సు, హాయిగా పనిచేస్తోంది, ఎందుకంటే దాన్ని ఎవరూ బాడీ పట్టుకుని వాడరు. సోనీ ఎఫ్ఎక్స్9 లాంటి వీడియో కెమెరాల్లో తిప్పి బిగించే లీవర్ లాక్ పెట్టారు, సినిమా పీఎల్ మౌంట్‌లో మొదటి నుంచీ రింగు తిప్పి అదిమే పద్ధతే, స్ప్రింగు మీద ఆధారపడదు. అంత చేసినా పెద్ద సినిమా లెన్సు కింద రాడ్లు, సపోర్టు లేకుండా నడపరు.

అడాప్టర్ల దగ్గర మాత్రం నిజంగా జాగ్రత్త పడాలి. పాత డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉన్న కెమెరా) లెన్సులు దాచుకుని మిర్రర్‌లెస్ బాడీ కొన్నవాళ్లు ఇక్కడ చాలామంది. ఈఎఫ్ లెన్సుని ఆర్ఎఫ్ బాడీకి పెట్టే అడాప్టర్ మందం 24 మిల్లీమీటర్లు, ఎఫ్ మౌంట్ లెన్సుని జెడ్ బాడీకి పెట్టే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌ది 30.5. ఆ మేరకు లెన్సు బరువు కేంద్రం బాడీ నుంచి దూరం జరుగుతుంది, 10 సెంటీమీటర్ల లెక్క 13 అవుతుంది. దానికి తోడు ఒక అతుకు ఉన్న చోట రెండు అతుకులు, ఒక్కో దానికి ఒక్కో కదలిక, టెలీకన్వర్టర్ (లెన్సు చూపుని ఇంకా పొడిగించే ముక్క) కూడా పెడితే మూడు. 1,300 గ్రాములు దాటిన లెన్సు వాడేటప్పుడు లెన్సుకే ఆసరా ఇవ్వాలని, లేకపోతే కెమెరా మౌంట్ దెబ్బతినొచ్చని నికాన్ ఎఫ్‌టీజెడ్ సూచనల్లోనే ఉంది. చవక అడాప్టర్లలో ఇంకో ఇబ్బంది, మెత్తని అల్యూమినియం రింగు తిప్పినప్పుడల్లా అరిగి సన్నని లోహపు పొడి రాలుతుంది, అది నేరుగా వెళ్లేది సెన్సర్ మీదికే.

మన చుట్టుపక్కల పనుల్లో మౌంట్‌కి ఎక్కువ ప్రమాదం ఉన్నవి ఏవంటే, పైకి చూడటానికి ప్రమాదంగా అనిపించేవి కావు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి మాడ వీధుల్లో గంటల తరబడి 70-200 పట్టుకుని నిలబడే పత్రికా ఫొటోగ్రాఫర్ మౌంట్ సాధారణంగా క్షేమంగానే ఉంటుంది, వాళ్ల ఎడమ చెయ్యి అలవాటుగా లెన్సు కిందే ఉంటుంది కాబట్టి. మెడలో వేలాడేసినప్పుడు కూడా లెన్సు నేలవైపు తిరిగి నిటారుగా వేలాడుతుంది, బరువు మూడు పళ్ల మీదా సమంగా పడుతుంది, మెలి ఉండదు. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమనాడు పశువుల పండుగ జనంలో అయితే వేరే కథ. అక్కడ వెనక నుంచి తోపులాటలో ముందుకి సాగిన లెన్సు ఎవరి భుజానికో, కర్రకో అడ్డంగా తగులుతుంది, అడ్డంగా తగిలిన దెబ్బ పూర్తిగా మౌంట్ మీదికే వస్తుంది. అలాంటి చోట పొట్టి లెన్సు మంచిది. పెద్దది తప్పకపోతే హుడ్ ఉంచుకోవాలి, దెబ్బని మొదట తినేది అదే.

అన్నిటికంటే తక్కువ పట్టించుకునేది బైకు ప్రయాణం. తలకోనకి వెళ్లాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి, ఆ తర్వాతి రోడ్డంతా కుదుపులే. వాటర్‌ఫాల్ దగ్గర తియ్యడానికి సిద్ధంగా ఉండాలని లెన్సు తగిలించిన కెమెరాని అలాగే బ్యాగులో పెట్టి ట్యాంకు మీదో వీపుకో కట్టుకుంటారు. బ్యాగులో లెన్సు మెత్తని స్పాంజి మీద కూర్చుంటుంది, బాడీ కింద ఖాళీ, లేదా బాడీ కూర్చుని లెన్సు గాలిలో. ప్రతి గుంతకీ ఆ ఖాళీలో ఉన్న భాగం మౌంట్‌ని మెలిపెడుతుంది, ఆ ఒక్క ప్రయాణంలోనే వందలసార్లు. ఇది ఒక్క దెబ్బలో కనపడదు, స్క్రూలు మెల్లగా వదులవుతాయి. లెన్సు తీసి విడిగా పెట్టుకోవడం ఉత్తమం. తీసే వీల్లేకపోతే లెన్సుకీ బాడీకీ రెండింటికీ కింద స్పాంజి ముక్కలు సరిపడా అమర్చాలి. బ్యాగు నిలువుగా ఉంటే లెన్సు కిందికి, బాడీ పైకి ఉండేలా పెడితే మెలి చాలావరకు తగ్గుతుంది.

పెళ్లి వీడియోల్లో గింబల్ (కెమెరాని వణక్కుండా నిలిపే మోటార్ల స్టాండ్) మీద 70-200 పెట్టేవాళ్లు పెరిగారు. డీజేఐ ఆర్ఎస్ లాంటి వాటితో లెన్సు కింద పెట్టే సపోర్టు ముక్క వస్తుంది, అది అట్టపెట్టెలోనే ఉండిపోతుంది చాలామంది దగ్గర. గింబల్ మోటార్లు బాడీని ఒకవైపు తిప్పుతుంటే లెన్సు తన జడత్వంతో వెనకపడుతుంది, ఆ చిన్న చిన్న కుదుపులు వీడియోలో వణుకుగా కనిపిస్తాయి, మోటార్ ట్యూనింగ్ మార్చినా పోవు. సపోర్టు బిగిస్తే పోతాయి.

లెన్సు తగిలించే పద్ధతిలోనూ అరుగుదల ఉంది. కెమెరాని ఒక చేత్తో పట్టుకుని రెండు కిలోల లెన్సుని రెండో చేత్తో గాలిలో తెచ్చి పెడితే, తిప్పుతున్నంతసేపూ పళ్లు ఏటవాలుగా రాసుకుంటాయి. లెన్సుల మౌంట్ రింగులు ఎక్కువగా ఇత్తడి మీద క్రోమ్ పూతతో ఉంటాయి, పూత పోయిన చోట పసుపు రంగు బయటపడుతుంది. అంతటా సమంగా పసుపు కనిపిస్తే బాగా వాడిన లెన్సు అని మాత్రమే అర్థం, ఒక్కచోటే లోతుగా గీసుకుపోయి ఉంటే బరువు లెన్సుని వంకరగా ఎక్కించారని అర్థం. పెద్ద లెన్సుని ట్రైపాడ్ మీదో ఒళ్లోనో నిలిపి, కెమెరాని తెచ్చి దానికి తగిలించాలి. తేలికైన వస్తువుని బరువైన వస్తువు దగ్గరికి తీసుకెళ్లడమే సుళువు కూడా.

సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు రింగు మీద గీతలతో పాటు స్క్రూ తలలు చూడండి. గీతలు పడి, మూలలు చెదిరి ఉంటే ఎవరో విప్పారు. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో అడగాలి. జపాన్ కెమెరాల స్క్రూలు మామూలు ఫిలిప్స్ కాదు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం, చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ ఫిలిప్స్ డ్రైవర్ సరిగ్గా కూర్చోక తల చెడిపోతుంది. ఇంకా ముఖ్యమైంది, చాలా కెమెరాల్లో రింగు కింద షిమ్‌లు అనే పల్చని రేకులు ఉంటాయి. లెన్సు ముఖానికీ సెన్సర్‌కీ మధ్య దూరాన్ని మిల్లీమీటర్‌లో వందో వంతుల లెక్కన సరిచెయ్యడానికి ఫ్యాక్టరీలో ఏ మూల ఎంత మందం కావాలో చూసి పెట్టినవి అవి. ఇంట్లో రింగు విప్పితే ఒక షిమ్ కింద పడిపోవచ్చు, లేదా ఒక మూలది ఇంకో మూలకి మారొచ్చు. అప్పుడు ఏ లెన్సు పెట్టినా ఒకవైపు మసకే, బరువుతో పని లేకుండా. వదులైన స్క్రూని సరైన డ్రైవర్‌తో మెల్లగా బిగించడం వరకు ఇంట్లో చెయ్యొచ్చు, రింగు పైకి లేపడం మాత్రం వద్దు.

కాంటాక్టుల (కెమెరాకీ లెన్సుకీ మధ్య సంకేతాలు అందించే పిన్నులు) విషయం కూడా మౌంట్‌దే. లెన్సు వాలినప్పుడో కదిలినప్పుడో కెనాన్‌లో ఎర్ 01 వచ్చి, నికాన్‌లో ఎపర్చర్ చోట ఎఫ్ పక్కన రెండు గీతలు కనపడి, చెయ్యి కింద పెట్టగానే మామూలైపోతే పిన్నుల మీద మురికి ఒక కారణం, స్ప్రింగు బలహీనపడటం ఇంకో కారణం. ముందు మెత్తని పొడి గుడ్డతో కాంటాక్టులు తుడిచి చూడండి, చాలాసార్లు అక్కడే తీరిపోతుంది. తుడిచినా అదే వస్తుంటే, ఇంకో లెన్సుతోనూ అదే వస్తుంటే, బాడీ రింగు వెనక స్ప్రింగులు చూడమని సర్వీస్‌కి ఇవ్వాలి. తిరుపతి నుంచి చాలామంది దీనికి చెన్నై పంపుతారు. ఇచ్చేటప్పుడు లెన్సు లూజు అని ఒక్క మాట రాసిస్తే స్క్రూ బిగించి పంపేసే అవకాశం ఉంది. స్ప్రింగు టెన్షన్ చూడాలని, మౌంట్ ముఖం సెన్సర్‌కి సమాంతరంగా ఉందో లేదో కొలవాలని జాబ్ షీట్ మీద విడివిడిగా రాయించండి, తలకిందుల టెస్టులో తీసిన రెండు ఫొటోలూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి. కెమెరా తిరిగొచ్చాక అదే గోడ ముందు, అదే లెన్సుతో ఆ రెండు ఫొటోలూ మళ్లీ తీసి పోల్చుకుంటే రిపేరు జరిగిందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు.